బోణీ వారికి ఇచ్చిన చోటు

2003 జూన్, శుక్రవారం సాయంత్రం. మచిలీపట్నంలో, వ్యాపారులకు వెబ్‌సైట్లు నడిపే మా ఆఫీసు. ఉన్నవారు: మేనేజరుగా నేను, సర్వర్ చూసే పద్మజ, చిలకలపూడి రోల్డుగోల్డు వ్యాపారి సాంబశివరావు గారు.

ఆయన తన కొత్త విజిటింగ్ కార్డు నా బల్ల మీద పెట్టి, అందులో ఉన్న సైటు చిరునామా కొట్టమన్నారు. కొడితే పోటీ వ్యాపారి కోటేశ్వరరావు గారి హారాలు తెరుచుకున్నాయి. విజయవాడ షాపు ఒకటి ఆ పేజీ చూసి ఆర్డరు అక్కడే ఇచ్చేసిందట.

"మీ ఆఫీసు అమ్మాయిది కోటేశ్వరరావు వీధే కదండీ," అన్నారు, పద్మజకు వినపడేలా. ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తేనే తన సైటు ఇక్కడ ఉంటుందని, లేకపోతే తోటి వ్యాపారులకు కూడా చెప్తానని అన్నారు.

మా సర్వర్, అంటే సైట్లన్నీ ఉండే కంప్యూటరు, ఒక్కటే. అందులో ఒక్కో సైటు కోసం రాసే భాగాన్ని వర్చువల్ హోస్ట్ అంటారు. ఆ ఫైలు తెరిపించాను. కోటేశ్వరరావు గారి భాగం అందరికన్నా పైన ఉంది. నాకూ అనుమానం వచ్చింది. ఎందుకని అడిగాను.

"మన బోణీ ఆయనదే కదా సార్. ఓనరు గారు పైన పెట్టమన్నారు."

"పీట వేసి కూర్చోబెట్టారన్నమాట," అన్నారు సాంబశివరావు గారు.

పద్మజ కార్డు చేతిలోకి తీసుకుని చూసింది. చోటు చాలదని ఆయన చిరునామా ముందుండే మూడు డబ్ల్యూలు తీసేసి అచ్చువేయించారు. అవి లేకుండా వచ్చినవారికి వాటిని చేర్చి పంపేలా, కిందటి వారమే ఆమె ఒక రీరైట్ రూల్ రాసింది. అది పనిచేయడం లేదు.

ఆమె కీబోర్డు ఆయన ముందుకు జరిపి, మా దగ్గరే ఉన్న గుడివాడ రైసు మిల్లు చిరునామా డబ్ల్యూలు లేకుండా కొట్టమంది. మళ్ళీ అవే హారాలు.

"మిల్లు బేరం కూడా లాగుతున్నాడా?" అన్నారాయన. గొంతులో పదును మాత్రం తగ్గింది.

రూల్‌ను ఆమె ఫైలు మొదట్లో ఉన్న ఉమ్మడి భాగంలో రాసింది. విడిగా చెప్తే తప్ప వర్చువల్ హోస్టులు ఉమ్మడి రూల్స్ పట్టించుకోవు. పైగా హోస్టుల్లో డబ్ల్యూలున్న పేర్లే రాసి ఉన్నాయి; ఏ హోస్టుకూ సరిపడని పేరు వస్తే, సర్వర్ దాన్ని అన్నిటికన్నా పైనున్న హోస్టుకు అప్పగిస్తుంది. పద్మజ డబ్ల్యూలు లేని పేర్లను కూడా ఎవరి భాగంలో వారికి చేర్చి, రూల్‌ను అక్కడికే మార్చింది. కోటేశ్వరరావు గారి భాగాన్ని కిందికి జరిపి, పై చోటులో ఎవరిదీ కాని ఖాళీ పేజీ పెట్టింది.

"రేపు బయట కంప్యూటరులో చూసుకున్నాకే మాట. ఈ అమ్మాయి సంగతి కూడా అప్పుడే," అని ఆయన లేచారు.

"రేపు నన్ను రమ్మంటారా సార్?" అంది పద్మజ బ్యాగు సర్దుకుంటూ. రమ్మన్నాను. ఇద్దరి మధ్య అనుమానం పుడితే, ఇద్దరికీ సంబంధం లేని మూడోవాడి పేరు పెట్టి చూడాలని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మర్నాడు ఉదయం ఆఫీసు తెరవగానే సాంబశివరావు గారు కొత్త జడబిళ్ళల ఫోటోల కవరుతో వచ్చారు. నేను చెయ్యి చాపాను. ఆయన నన్ను దాటి వెళ్ళి కవరు పద్మజ బల్ల మీద పెట్టారు.

"ఇవి ఎక్కించమ్మా. ఇంతకీ ఇప్పుడు పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

ఫైలు తెరిచి చూపించమన్నారు. చూశాకే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.