డ్రాగన్‌కు బూడిద తలుపు

మా ముత్తాత మాలీ పటేల్. రావల్కోల్ అవతల మూడు ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగా పోయేది. మా తాత పోలీస్ పటేల్. ఊళ్లో ఎద్దు తప్పిపోయినా, మనిషి తప్పిపోయినా ఆయన వచ్చి చూసి పంచనామా రాస్తేనే తప్పిపోయినట్టు లెక్క. మా నాయిన కాలానికి ఆ పదవులు పోయి, పేరు వెనక పటేల్ అన్న మాట ఒక్కటే మిగిలింది. దాన్ని ఆయన ఇస్త్రీ చేసిన చొక్కాలాగా రోజూ తొడుక్కుని తిరిగేవాడు. ఇక నేను. నేను బొమ్మలు వేస్తాను. ఈ వరుస చదివినవారికి దిగుడు బావి మెట్లు గుర్తుకొస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆ రోజుల్లో, అంటే మరీ వెనకటి మాటేమీ కాదు, చేతిలో ఫోనూ ఫోన్లో ప్రపంచమూ అప్పటికే ఉన్నాయి. లేనిది పని ఒక్కటే. డిగ్రీ పూర్తయి ఏడాది దాటింది. వంద మందికి వండిన ఇత్తడి గుండిగలు అటక మీద ఉండేవి, వాటి కింద అవ్వ, నాయిన, అమ్మ, నేను కూర్చుని రేషన్ బియ్యం తినేవాళ్లం (ఎవరైనా వస్తే సన్నబియ్యం అని చెప్పేవాళ్లం). నేను రోజుకో బొమ్మ వేసి ఫోన్లో పెట్టేవాణ్ణి. బాగుందని చాలామంది అనేవారు. బాగుందన్న మాటతో బియ్యం రావని నాయిన అనేవాడు. చివరికి ఒక రోజు గడువు పెట్టాడు. మాకు ఒకప్పుడు చింతల చేను అని ఒకటి ఉండేది. అది చేతులు మారి మారి ప్లాట్లయింది. దాని ముందు కమాను కట్టి, కార్లలో వచ్చేవారికి రంగుల గొడుగు పట్టుకుని ప్లాట్లు చూపించే మనిషి కావాలని ఆ వెంచర్ వాళ్లు అడిగారట.

"దసరా దాక సూస్త," అన్నాడు నాయిన. "నీ బొమ్మకు పైసలిచ్చేటోడు ఒక్కడు దొరికినా సరే, నేను మల్ల మాట్లాడ. దొరకలేదంటే పోయి గొడుగు వట్టుకో. మీ తాత భూమే గదా, హద్దులు నీకు ఎర్కనే."

తాత ఎకరాల్లో తిరిగిన భూమిని మనవడు గజాల్లో చూపించడం! ఆ మాట విన్నాక మూడు రోజులు నేను గోడకు ఆనుకుని కూర్చోలేదు, వెన్ను నిటారుగానే ఉంచాను.

దసరా ఇంకా ఇరవై రోజులుందనగా, ఫోన్లో నా బొమ్మలు చూసి ఒకాయన ఫోన్ చేశారు. ఆయనది కాకినాడ వైపు; ఎక్కడో మేనేజరు; శామీర్‌పేట పోయే దారిలో కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ల అమ్మాయికి పదకొండో పుట్టినరోజు వస్తోంది, దసరాకు సరిగ్గా రెండు రోజుల ముందు. ఆ పిల్ల మనసులో కల్పించుకున్న నిప్పు డ్రాగన్ ఒకటి ఉందట, దాని బొమ్మ కావాలి. "ఎర్రగా, పెద్దగా, నోట్లోంచి మంట వస్తూ వేసెయ్యండి, చాలు," అన్నారు.

వేసెయ్యడానికి మా ఇంట్లో ఒక అడ్డంకి ఉంది. మౌకా చూడనిది రాయొద్దని తాత నియమం. అంటే చోటికి పోయి కళ్లతో చూడనిది కాగితం మీద పెట్టకూడదు. (తాత చూడకుండా రాసిన పంచనామాలు రెండు మూడు ఉన్నాయని ఊళ్లో చెప్పుకుంటారు. మా ఇంట్లో చెప్పుకోరు.) అందుకని నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు ఆటోలు మారి వాళ్లింటికి వెళ్లి, సోఫా అంచున నిటారుగా కూర్చుని, అమ్మాయిని పిలిపించమన్నాను. ఆమె ఒక నోటుబుక్కుతో వచ్చి నాకన్నా నిటారుగా కూర్చుంది.

"జంతువు పేరు?"

"పండు."

"పొడవు?"

"అరవై అడుగులు అంకుల్." (నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఆ అంకుల్‌ను నేను పట్టించుకోనట్టు రాసుకుంటూ పోయాను.)

"ఏం తింటుంది?"

"ఏదైనా తింటుంది, బెండకాయ తప్ప."

"నిప్పు ఎక్కడ ఉంటుంది?"

"కడుపులో."

"మరి కడుపు కాలదా?"

ఆ పిల్ల నోటుబుక్కు మూసి, నన్ను జాలిగా చూసింది. "అదే కదా అంకుల్ నాకు తెలీదు. తెలిస్తే నేనే వేసుకునేదాన్ని. మీరు పెద్ద ఆర్టిస్టని డాడీ చెప్పారు."

నన్ను ఎవరైనా పెద్ద అనడం అదే మొదలు. నిప్పున్న కడుపు ఎందుకు కాలదో తేల్చకుండా బ్రష్ ముట్టనని అక్కడే నిర్ణయించుకున్నాను. మేడ్చల్‌లో పశువులకు మందులిచ్చే ఒకాయనను అడిగాను, జంతువు నోట్లోంచి మంట వస్తే దాని లోపలి సంగతేమిటని. ఆయన తల ఎత్తకుండానే, నోరు పుండ్లు పడే గాలికుంటు రోగం అని మందు చీటీ రాసిచ్చాడు. వారం గడిచింది. కాగితం తెల్లగానే ఉంది. నాయిన అన్నం తింటూ, ఎవరితోనో అన్నట్టు, గొడుగు మస్తు పెద్దదట, ఎండ తగలదట అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున స్నానానికి వెళ్లి పెరట్లో ఆగిపోయాను. మా పెరట్లో ముత్తాత నాటి రాగి బాయిలర్ ఉండేది. మనిషి ఛాతీ ఎత్తు. నడుమ నిలువుగా ఒక గొట్టం, అందులో నిప్పు. చుట్టూ నీళ్లు. ఇరవై మూడేళ్లుగా దాని నీళ్లతోనే స్నానం చేస్తున్నాను. నిప్పు కడుపులో పెట్టుకుని కాలకుండా నిలబడ్డ జంతువు నా ఎదురుగా పొగ వదులుతూ ఉందని ఆ రోజే కనిపించింది. చుట్టూ నీళ్లున్నంత సేపు రాగి కాలదు. అంటే పండు నీళ్లు బాగా తాగాలి. నేను తువ్వాలుతోనే మోకాళ్ల మీద కూర్చుని గొట్టం లోపలికి చూడసాగాను.

"ఏందిరా గట్ల సూస్తున్నవ్, బాయిలర్‌ను ఎన్నడు సూడనట్టు?" అంది అవ్వ, పుల్లలు వేస్తూ. డ్రాగన్ సంగతి చెప్పాను. పటేళ్ల ఇంట్లో పుట్టి ఒకరి పిల్లకు బొమ్మలు వేసివ్వడం ఏమిటని అప్పటిదాకా నాతో సరిగా మాట్లాడని అవ్వ, చేతిలో పుల్ల పక్కన పెట్టి, పనిమనిషిని ఆరా తీసినట్టు అడిగింది: "మంచిదే. మరి బూడిద ఎటు వోతది?"

నేను తల వంచి గొట్టం కింద వెతికాను.

"రోజు పొద్దుగాల కింద తలుపు తీసి బూడిద గుంజకుంటే గాలి ఆడది, మంట లేవది. నీ జంతువుకు బూడిద తలుపు లేకుంటే రెండొద్దులకే సస్తది. రాసుకో." రాసుకున్నాను. చింతపండుతో తోమినన్నాళ్లే రాగి మెరుస్తుందనీ, తోమకపోతే పచ్చటి చిలుము పడుతుందనీ, కాబట్టి చెయ్యి అందని రెక్కల సందుల్లో పండు పచ్చగా ఉండాలనీ కూడా అవ్వే చెప్పింది. బూడిద తీసేదాకా పండుకు పొద్దున కోపంగా ఉంటుందని నేను చేర్చాను. ఇద్దరం సీరియస్‌గానే మాట్లాడుకున్నాం. నీళ్లు చల్లారిపోయాయి.

నీళ్ల లెక్క మిగిలింది. మౌకా చూడాలి కాబట్టి శామీర్‌పేట చెరువు గట్టుకు వెళ్లి నిలబడ్డాను. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన ఏం చూస్తున్నావని అడిగాడు. అరవై అడుగుల జంతువు ఒకటి ఇక్కడ నీళ్లు తాగితే చెరువు ఎంత దిగుతుందని అడిగాను. ఆయన చెరువు వంక ఒకసారి, నా చొక్కా వంక ఒకసారి చూశాడు.

"ఏ దిక్కుకెల్లి దిగుతది సారు? ముందుగాల జెప్తే వలలు తీసుకుంటం."

తూర్పు వైపు అన్నాను. ఆయన తల ఊపి నిజంగానే వల పడమటి వైపుకు మార్చుకున్నాడు.

నాలుగు రోజులు బొమ్మ వేశాను. ఎరుపు కాదు, రాగి రంగు. సందుల్లో చిలుము. చేను నక్షాలో లోపలి గట్లన్నీ చూపించినట్టు పండు డొక్క ఒక పక్క తెరిచి, నడుమ గొట్టం, చుట్టూ నీళ్లు, కింద నిప్పులు నిలిచే ఇనుప జాలీ, తోక మొదట్లో చిన్న బూడిద తలుపు, దానికి గొళ్లెం. పుట్టినరోజుకు ముందు రోజు అవ్వ పాత చీరలో చుట్టుకుని తీసుకెళ్లి, హాల్లో అందరి ముందూ విప్పాను.

మేనేజరు గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "ఏమండీ, దీనికి ఆపరేషన్ గానీ అయిందా?"

"లేదండీ. లోపల ఇలా ఉంటుంది."

"ఆ తోక కింద..."

"బూడిద తలుపండీ."

వాళ్లావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన మర్యాదస్థుడు, గొంతు తగ్గించి, రేపు బంధువులంతా వస్తారండీ, పొట్ట మూసేసి కాస్త ఎరుపు వెయ్యలేరా అన్నారు. నేను లేచి నిలబడ్డాను. "మా వంశంలో రాసింది దిద్దే అలవాటు లేదండీ," అన్నాను. (తాత దిద్దిన కాగితం ఒకటి ఇప్పటికీ కోర్టులో ఉంది, ఆ సంగతి వేరు.) అయితే క్షమించండి, తీసుకోలేమండీ అన్నారాయన. ఆ క్షణంలో గొడుగు రంగులు కూడా నాకు కనిపించాయి.

అమ్మాయి మాత్రం బొమ్మ ముందు నుంచి కదలలేదు. గొట్టం, జాలీ, తలుపు, ఒక్కొక్కటీ వేలితో తడిమింది. "అంకుల్, పండు నిద్రపోతే నిప్పు ఆరిపోతుందా?"

తెలియదు. మూడు తరాల పటేళ్ల మనవణ్ణి, పదకొండేళ్ల పిల్ల ముందు తెలియదు అన్నాను. బొమ్మ మళ్లీ చీరలో చుట్టుకుని ఇంటికి వచ్చాను.

"ఆరదు బిడ్డ," అంది అవ్వ, ప్రశ్న పూర్తి కాకముందే. "పండుకునేటప్పుడు నిప్పుల మీద బూడిద కప్పుతం. పైకి సల్లగ ఉంటది, ఎవ్వనికి ఎర్క గాదు. పొద్దుగాల కదిలిచ్చి పిడికెడు పొట్టు ఏస్తే సాలు, మల్ల లేస్తది." ఆ మాట చెబుతూ బాయిలర్ పక్కకు చెయ్యి ఆనించి వెచ్చగా ఉందో లేదో చూసుకుంది.

మా వంశంలో ఒకరు అడిగితే దిద్దింది అప్పుడే. జాలీ మీద బూడిద కప్పాను, దాని కింద ఎర్రటి చుక్క ఒకటి ఉంచాను, మంట వస్తున్న నోరు మూసి, పండు కళ్లు మూశాను. డొక్క మాత్రం మూయలేదు. మర్నాడు బంధువులు రాకముందే వెళ్లి అమ్మాయికి చూపించాను. ఆమె ముక్కు ఆనేంత దగ్గరగా వంగి ఆ చుక్కను చూసింది.

"డాడీ, ఇది పండే," అంది. "నిద్రపోతోంది. మెల్లిగా మాట్లాడండి."

మేనేజరు గారు మెల్లిగానే మాట్లాడి, మెల్లిగానే డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, మెల్లిగానే మేకు కొట్టారు. ఇంటికి వచ్చి ఫోన్లో బొమ్మ నాయినకు చూపించాను. ఆయన వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "మన బాయిలర్‌కు తోక వెట్టినవ్ ఏందిరా?" అన్నాడు. తర్వాత ఇచ్చిన మాట ప్రకారం మళ్లీ మాట్లాడలేదు. కానీ ఒక్క బొమ్మతో ఇల్లు గడవదు కదా. దసరా వెళ్లాక ఆ గొడుగు కింద రెండేళ్లు నాయినే నిలబడ్డాడు. పర్యవేక్షణ అని చెప్పేవాడు. మేమూ అలాగే చెప్పాం.

ఇప్పుడు నాకు బొమ్మల పని బాగానే వస్తుంది. ఎవరెవరి మనసుల్లోనో ఉన్న జంతువులను వేసిస్తాను. అడిగినవారినల్లా ముందు బూడిద ఎటు పోతుందని అడుగుతాను. సగం మంది ఫోన్ పెట్టేస్తారు. మిగిలిన సగం మంది ఆలోచించి మళ్లీ చేస్తారు. తువ్వాలుతో మోకాళ్ల మీద కూర్చున్న ఆ ఇరవై మూడేళ్లవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి వెన్ను మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కాస్త నొప్పి పెడుతుంది.

బాయిలర్‌ను పోయిన చలికాలం శామీర్‌పేట రోడ్డు మీద ఒక రిసార్టు వాళ్లకు అమ్మాం. వాళ్లు నిప్పు గొట్టం తీసేసి, బాయిలర్‌లో మొక్క పెట్టారు.