తీగలు మారలేదు

1966లో నేను ఆబిడ్స్‌లో ఒక గుండె డాక్టరుగారి క్లినిక్‌లో ఈసీజీలు తీసేదాన్ని. నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే సందులో, గడియారాల దుకాణం పైన రెండు గదులు. మావారి ఉద్యోగంతో పాటు కర్నూలు నుంచి ఈ ఊరొచ్చాక, ఇంట్లో తోచక నేర్చుకున్న పని ఇది. మగవాళ్లు ఛాతీ మీద చెయ్యి వేస్తే ఒప్పుకోని ఆడవాళ్లు చాలామంది వచ్చేవారు. అందుకే డాక్టరుగారు ఏరికోరి నన్ను పెట్టుకున్నారు.

ఈసీజీ అంటే మరేం లేదు. గుండె కొట్టుకునేటప్పుడు అందులో సన్నని కరెంటు పుడుతుంది. దాన్ని కాగితం మీద గీతగా రాసే యంత్రం అది. చేతులకీ కాళ్లకీ రేకు ప్లేట్లు పెట్టి రబ్బరు పట్టీలతో కట్టాలి. ఛాతీ ఎడమవైపున ఒక రబ్బరు కప్పుని చోటు మార్చి మార్చి అతికించాలి. కుడిచేతి తీగ పొరపాటున ఎడమచేతికి పడిందా, గీత తలకిందులైపోతుంది. కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు ఇదే. నేను చెయ్యను. ఈ ఒక్క విషయంలో నాకు కాస్త పొగరు ఉండేదనే చెప్పాలి.

ఒకరోజు పొద్దున యాదమ్మ అనే కూలీమనిషి భర్త మల్లేశంతో వచ్చింది. ఖైరతాబాద్ దగ్గర ప్రభుత్వ క్వార్టర్లు కడుతుంటే అక్కడ ఇద్దరూ పని చేసేవారు. పెళ్లయిన చాలా ఏళ్లకి ఆమెకి కడుపు పండింది. ఆయాసంగా ఉందని వేరే ఎక్కడో చూపించుకుంటే ఈసీజీ తీసి, గుండె దెబ్బతిందని చెప్పారట.

"కాన్పు తట్టుకోదన్నరమ్మా. ఇప్పుడే కడుపు తీపియ్యమన్నరు" అన్నాడు మల్లేశం.

"నేను తీపియ్య. గిన్నేండ్లకు నిలిచింది" అంది యాదమ్మ, గోడకేసి చూస్తూ.

"పిల్ల కోసం నిన్ను పోగొట్టుకోవాల్నా? ఏం మాట్లాడుతున్నవే!"

డాక్టరుగారు ముందు కొత్తగా ఈసీజీ తీసి పట్టుకురమ్మన్నారు. ఆమెని లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టాను. కాళ్ల కడియాలు పైకి జరిపి పట్టీలు కట్టాను. ఫ్యాను ఆపేశాను, లేకపోతే గీత వణుకుతుంది. కప్పు ఎడమవైపు పెడుతుంటే యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గాడెందుకు పెడుతున్నరమ్మా? నా గుండె గీడ కదా కొట్టుకుంటది" అని కుడివైపు చూపించింది.

"భయం వేస్తే ఒళ్లంతా కొట్టుకున్నట్టే ఉంటుంది. కదలకుండా పడుకో" అన్నాను.

కాగితం చూసి డాక్టరుగారు కళ్లజోడు సవరించుకున్నారు. "సరోజినిగారూ, తీగలు మారినట్టున్నాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మారలేదండీ" అన్నాను. మళ్లీ తీయమన్నారు. ఒక్కో తీగనీ పైకి చదువుతూ కట్టి తీశాను. అదే గీత, తలకిందులుగా. యంత్రం పాడైందేమోనని ఆయన అన్నారు. దాని సంగతీ తేలిపోవాలని కాంపౌండరు నర్సింలుని బల్ల ఎక్కమన్నాను.

"నాకేం రోగమొచ్చిందమ్మా? నన్నెందుకు పండబెడుతున్నరు?"

"రోగం కాదు, నీ గుండెతో పని పడింది. పడుకో."

నర్సింలు గీత నిక్షేపంలా వచ్చింది.

డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. తీగలు మారితే చేతుల లెక్క మాత్రమే తిరగబడాలి, ఛాతీ మీద తీసిన గీతలు మామూలుగానే ఉండాలి. యాదమ్మవి అలా లేవు. కప్పు ఎడమకి జరిగేకొద్దీ గీత చిన్నదైపోతోంది. గుండె కండరం దెబ్బతిన్నా దాదాపు ఇలాగే కనబడుతుంది. ముందు ఈసీజీ తీసినవాళ్లు భయపడింది దానికే.

ఆయన ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "అమ్మా, నీ గుండె ఎక్కడ కొట్టుకుంటుంది?"

యాదమ్మ మళ్లీ కుడివైపే చెయ్యి పెట్టింది. "చిన్నప్పటి సంది గీన్నే సారూ. చెప్తే అందరు నవ్విన్రు."

ఆయన స్టెతస్కోపు అక్కడ పెట్టి కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచేసరికి ఆ ముఖం పండగనాటి పిల్లవాడి ముఖంలా ఉంది. నన్నూ వినమన్నారు. ఎడమవైపు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్న చప్పుడు, కుడివైపు చెవిలోనే కొడుతోంది. తర్వాత పొట్ట మీద వేళ్లతో తట్టి చూశారు. కుడివైపు ఉండాల్సిన కాలేయం ఎడమవైపు తగిలింది. గర్భిణి కాబట్టి ఎక్స్‌రే వద్దన్నారు.

"ఇప్పుడు మార్చి కట్టండి తీగలు" అన్నారు నవ్వుతూ.

నా చేతులతో నేనే కుడి తీగని ఎడమచేతికి, ఎడమ తీగని కుడిచేతికి కట్టాను. ఎప్పుడూ చెయ్యనని గొప్పలు పోయిన పనే అది. రబ్బరు కప్పుని కుడి ఛాతీ మీద జరుపుతూ వెళ్లాను. యంత్రం సూది పైకి లేచింది. ఒకదాని వెనక ఒకటి, చక్కని గీతలు. ఏ జబ్బూ లేని గుండె గీసే గీతలు! ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మల్లేశాన్ని లోపలికి పిలిచి డాక్టరుగారు విడమరిచి చెప్పారు. గుండెలో నాలుగు గదులుంటాయి. ఒంట్లో తిరిగి వచ్చిన రక్తాన్ని ఒక పక్క గదులు ఊపిరితిత్తులకు పంపిస్తాయి. అక్కడ గాలి పట్టి వచ్చిన రక్తాన్ని రెండో పక్క గదులు ఒళ్లంతటికీ పంపిస్తాయి. మధ్యలో ఉన్న తలుపులు ఒక్క వైపే తెరుచుకుంటాయి, రక్తం వెనక్కి పోకుండా. మనకు వినిపించే చప్పుడు ఆ తలుపులు మూసుకునే చప్పుడే. యాదమ్మ ఒంట్లో ఇదంతా అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి ఉంది, పని మాత్రం అదే.

యాదమ్మ లేచి కూర్చుంది. "మేం కట్టే క్వార్టర్లు గూడ గట్లనే ఉంటయి సారూ. ఒక్క గోడకు ఇటొకటి అటొకటి. ఒకదాంట్ల వంటిల్లు కుడికుంటె, పక్కదాంట్ల ఎడమకుంటది. రెండిట్ల గూడ మంచిగనే ఉంటరు."

"నా పాఠం కంటే అదే బాగుందమ్మా" అన్నారు డాక్టరుగారు.

"అయితె పానానికి ఫికర్ లేదా సారూ?" అన్నాడు మల్లేశం.

"గుండెకి ఏ లోపమూ కనబడలేదు. ఆయాసం రక్తం తక్కువై వచ్చింది, మందులిస్తాను. కడుపు తీయించుకోవాల్సిన పని లేదు. కాన్పు మాత్రం ఆస్పత్రిలోనే కావాలి. గుండె కుడివైపు ఉందని అక్కడ ముందే చెప్పండి."

మల్లేశం కింద కూలబడి ఏడ్చాడు. యాదమ్మ మాత్రం పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని అలాగే కూర్చుంది.

ఆనాటి నుంచి పట్టీలు కట్టే ముందు ప్రతి పేషెంటునీ, గుండె ఎక్కడ కొట్టుకుంటోందో చెయ్యి పెట్టి చూపించమని అడిగేదాన్ని. కొందరు విచిత్రంగా చూసేవారు. తన ఒంటి గురించి మనిషి చెబుతుంటే ముందు వినాలి, కాగితం తర్వాత చూడాలి అని నాకు తెలిసింది ఆ కేసుతోనే.

మరుసటి ఏడు యాదమ్మ ఆడపిల్లనెత్తుకుని మాకు చూపించడానికి వచ్చింది. డాక్టరుగారు పాప గుండె విన్నారు. అందరిలాగే ఎడమవైపే ఉంది. నేను ముచ్చటపడి ఎత్తుకుని, అలవాటుగా ఎడమ భుజానికి ఆనించుకున్నాను. ఒకటే ఏడుపు. జోకొట్టినా ఆగలేదు.

"గాడ పండదమ్మా అది" అని యాదమ్మ నవ్వుతూ పాపని తీసుకుంది. తన కుడి రొమ్ము మీద తల ఆనించి పడుకోబెట్టింది. "మా వాడకట్టోళ్లంత ఎడమకెత్తుకోమని తిడుతరు. ఇది ఇనదు. గీడ పెడితెనే దానికి సప్పుడు ఇనబడ్తది."

పాప టక్కున ఏడుపు మానేసింది. మేమంతా తీగలు కట్టీ విప్పీ వెతుక్కున్న గుండె మీద చెవి పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.