పొయ్యి దగ్గర నిలబడి చూస్తే

ఎనభైల చివర్లో మడికొండలో ఇల్లు కట్టుకుంటున్నాం. పూజగది ఎటొస్తుందని ఎప్పుడడిగినా మావారిదీ మేస్త్రీదీ ఒకటే మాట: "ప్లాన్‌ల ఉన్నది గదా!" ఆ నీలం కాగితం మీది గీతలు నాకు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. కాజీపేట రైల్లో దాన్ని ఒళ్లో పరుచుకుని విసుక్కుంటుంటే పక్కనున్న అమ్మాయి నవ్వింది. హైదరాబాదులో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుందట.

"మా దగ్గర కంప్యూటర్ వచ్చిందక్కా. ఇల్లు లేచి నిలబడ్డట్టే గీస్తది. మనిషి ఏడ నిలబడి చూస్తాండో ముందుగాల దానికి చెప్పాలె. నువ్వేడ నిలబడ్తవ్?"

ఆ మాట అంతవరకు నన్నెవరూ అడగలేదు.

"ఏడేంది, పొయ్యికాడ! వండుకుంట దేవుని దీపం చూడాలె."

ఆమె పెన్సిల్ తీసి, పొయ్యి దగ్గర్నుంచి కనబడేది కాగితం వెనక గీసింది. అంతా గోడే.

"జర ఈ గోడల కిటికీ పెట్టమనక్కా."

ఇంట్లో చూపిస్తే మావారు, "రైల్ల ఎవ్వరో గీసిండ్రని లేచిన గోడ పలగ్గొడ్తమా? ఫికర్ చేయకు, అలవాటైతది" అన్నారు.

అలవాటు కాలేదు. ఇప్పటికీ గరిటె చేత్తో పట్టుకునే వెళ్లి దీపం చూసొస్తాను. ఆ అమ్మాయి పేరైనా అడగలేదు. దణ్ణం పెట్టుకునేటప్పుడు "ఆ రైలు పిల్లను చల్లగా చూడు తండ్రీ" అంటాను. ఎవరో ఆయనకు తెలుస్తుంది.