మిక్సీకి కందెన

అచ్చులో ఉన్న ప్రతి ముక్కా నా కోసమే రాశారని నమ్మే వయసు అది. డిగ్రీ పూర్తయ్యి రాజాంలో ఒక బట్టల కొట్లో కొత్తగా చేరాను. మధ్యాహ్నం తోటివాళ్లందరూ ఫోన్లలో వీడియోలు చూస్తుంటే నేను శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. పోవడంతో సరిపెట్టకుండా, పోయినట్టు లోకానికి తెలియాలని పుస్తకం చంకలో పెట్టుకుని మా ఊరి వీధంతా నడిచేవాణ్ణి. (చెమటకి అట్ట రంగు చొక్కాకి అంటుకునేది. అదీ చదువు గుర్తే అనుకునేవాణ్ణి.)

అప్పట్లో అమ్మకి కుడి భుజం పట్టేసింది. రోలు జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో ఇంట్లో పచ్చళ్లూ పిండీ అన్నీ మిక్సీ మీదే ఆధారపడ్డాయి. సరిగ్గా అప్పుడే అది గర్రుమని అరవడం మొదలుపెట్టింది. తాత అరుగు మీంచి, "ఒసే, రైసుమిల్లు మనింట్లోకి ఎప్పుడొచ్చినాదే?" అని కేకేసేవాడు. "రోజూ రాజాం ఎల్తన్నావు కదరా, కొట్లో సూపించి తే" అని అమ్మ అడిగితే, "ఇంట్లో చదువుకున్నవాడుండగా కొట్టెందుకే?" అన్నాను.

గ్రంథాలయంలో యంత్రాల మరమ్మతు మీద అట్ట చిరిగిన పాత పుస్తకం దొరికింది. తిరిగే చోట కందెన పూస్తే చప్పుడు తగ్గుతుందని అందులో ఉంది. కందెన అంటే ఏమిటో నాకు తెలీదు. నిఘంటువు పక్క బీరువాలోనే ఉంది గానీ, తెలుగు మాటకి తెలుగువాడు నిఘంటువు తీయడం నామోషీ అనిపించి ఇంటికొచ్చి తాతనడిగాను. ఆయన వయసులో ఉండగా ఎడ్లబండి తోలినవాడు. మొహం వెలిగిపోయింది.

"ఒరే, ఆ మాట ఇని ఎన్నాళ్లయినాదిరా! ఎండుగడ్డి కాల్సి, ఆ మసి ఆవదంలో కలిపితే అదే కందెన. ఇరుసుకి రాత్తే బండి ఎల్లినట్టే తెలవదు."

దేనికని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

గడ్డి కాల్చాను, ఆముదం కలిపాను, మిక్సీని బోర్లించి మరలు విప్పి, తిరిగే చోటల్లా నల్లగా దట్టించాను. చప్పుడు నిజంగానే తగ్గింది! "మా వోడు పుస్తకం సూసి బాగుసేసినాడు" అని అమ్మ వీధిలో చెప్పుకుంది. రెండు రోజులు నేల మీద నడవలేదు నేను. మూడో రోజు కొబ్బరి పచ్చడి సగంలో ఉండగా మిక్సీ బిగుసుకుపోయి, పొగ వదిలి, ఇల్లంతా ఆముదం కంపుతో నింపి ఆగిపోయింది.

రాజాం మెకానిక్కు దాన్ని విప్పి, నల్లబడిన వేళ్లు నాకు చూపించాడు. "ఇదేటి బాబూ, మిక్సీయా, ఎడ్లబండా? అరిగిన బుష్షొకటి మార్సితే సరిపోను. ఇప్పుడు మోటారే మాడిపోనాది. ఈ మసి ఎవులు పోసినారు?"

"మా తాత" అన్నాను. (పోయేదాకా ఆయనకి ఈ సంగతి తెలీదు.)

"పోన్లేరా, రోట్లో పచ్చడికే రుచి" అని అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. నేనూ అదే నమ్మాను. కొత్త మిక్సీ ఊసెత్తకుండా, యంత్రం కన్నా రోలే ఆరోగ్యమని భోజనం దగ్గర ఉపన్యాసాలిస్తూ రెండు నెలలు లొట్టలేసుకుంటూ తిన్నాను. ఒక సెలవు రోజు పొద్దున్నే పెరట్లోకి వెళితే అమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పడేసి ఉంది. ఎడం చేత్తో పొత్రాన్ని సగం తిప్పి ఆగుతోంది, ఊపిరి తీసుకుని మళ్లీ సగం తిప్పుతోంది. నన్ను చూడగానే గబుక్కున కుడి చెయ్యి పైకి తీసి పొత్రం మీద వేసింది.

"ఏట్రా అలా సూత్తన్నావు? ఆకలేత్తన్నాదా?"

పొత్రం లాక్కున్నాను. నాలుగు తిప్పులకే పచ్చడి సగం నేల మీద పడింది. అమ్మ నవ్వింది గానీ, పొత్రం మళ్లీ అడగలేదు.

ఆ వారంలోనే కొత్త మిక్సీ వచ్చింది. భుజం మాత్రం పూర్తిగా పైకి లేవలేదు. ఆ ఇరవై రెండేళ్ల పండితుణ్ణి తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటూ ఉంటాను. అమ్మ దువ్వెన పట్టుకుని, "ఓలమ్మా, ఓపాలి వచ్చి జడేసి ఎల్లు" అని పక్కింటి వదినని పిలిచేదాకా ఆ నవ్వు ఉంటుంది.