పాలు పొంగని గది

దెయ్యం ఉందని ఎవరైనా అంటే, ఏదీ చూపించు అనే రకం నేను. మూడో తరగతితో బడి మానేసేను గానీ, పనికిమాలిన భయాలు మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అనకాపల్లిలో మా ఇంటి వెనక ఒక గది కొత్తగా కట్టించేను. ఉత్తినే ఉంచడం ఎందుకని అద్దెకు పెట్టేను. మాకవరపాలెం నుంచి సత్యవతి అనే అమ్మాయి వచ్చింది. బట్టలు కుడుతుంది. మొగుడు బెల్లం లారీ తోలతాడు. అగ్రిమెంటు మీద సంతకాలు అయిపోయేయి.

చేరే రోజు పొద్దున్నే పాలు పొంగించడానికి గదిలో స్టవ్వు వెలిగించింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. పాలు మరుగుతున్నాయి, ఆవిరి వస్తోంది, పైకి మాత్రం రావు. మంట పెంచింది. సగానికి ఇగిరిపోయేయి గానీ పొంగలేదు.

నా మనసు మారిపోయింది. ఇలాంటిదానికా గది ఇచ్చేను అనిపించింది.

"నీ అడుగు మంచిది కాదే పిల్లా. అగ్రిమెంటు చింపేద్దాం. సామాను దించకు" అన్నాను.

అదేం తక్కువది కాదు. "నా అడుగో, మీ గదో ఇప్పుడే తేలిపోద్ది మామ్మగారూ" అంటూ అదే స్టవ్వు, అదే గిన్నె తెచ్చి నా వరండాలో పెట్టింది. ఆ మిగిలిన పాలే, చూస్తుండగానే బుస్సుమని పొంగి గచ్చు మీద పడ్డాయి.

"సూసేరా? ఈ గది సంగతి ఈదిలో అందరికీ సెప్పే ఎల్తాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "పాలల్లో ఏటి కలిపేవో ఎవడికి తెలుసు, నడు" అని అడ్వాన్సు చేతిలో పెట్టి పంపించేసేను. పంపేను గానీ, పేరు పోతే ఆ గది మొహం ఇంకెవరూ చూడరని లోపల గుబులు.

దాని మాట అబద్ధమని తేల్చాలని, ఆ మధ్యాహ్నం తలుపేసుకుని నేనే పెట్టేను. మా గేదె పాలు, నా స్టవ్వు, నా గిన్నె. చుక్క నీళ్లు కలపలేదు. పక్కనే నిలబడి చూసేను. పాలు మరిగేయి. పొంగలేదు సరికదా, మధ్యలో చిన్న గుంట పడింది. పైనుంచి ఎవరో అరచేత్తో అదిమి పట్టుకున్నట్టు. అడుగంటి మాడు వాసన వచ్చేదాకా ఆ గుంట అలాగే ఉంది. గరిటె పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సత్యవతి పక్క వీధిలో చేరింది. అక్కడ పొంగిన పాలతో పరమాన్నం వండి అందరికీ పంచి, కావాలనే నాకూ ఒక గిన్నె పంపింది. తినేసి, గిన్నెలో చిటికెడు పంచదారైనా వెయ్యకుండా ఉత్త గిన్నె తిప్పి పంపేను.

ఆ గదిలో ఎవరూ పోలేదు. అది కట్టిన చోట ఇదివరకు కందులు ఆరబోసుకునేవాళ్లం, అంతే. అద్దెకు అడుగుతూ ఇప్పటికీ మనుషులు వస్తున్నారు. రూపాయి వదులుకునే మనిషిని కాను. అయినా ఖాళీ లేదనే చెబుతున్నాను. ఆ పాలను అదిమి పట్టిందేమిటో ఇవాళ్టికీ నాకు తెలీదు.