మలుపులో ఒరిగే రైలు

మొన్న గద్వాలలో రైలెక్కాను. బండి ఒక వంపు తిరుగుతుంటే ఎదుటి సీటాయన గ్లాసులోని టీ ఒక పక్కకు జరిగి, అంచు దాటి, ఆయన తెల్ల చొక్కా మీద పడింది. ఆయన టీ అమ్మినవాణ్ణి తిట్టాడు, రైలును తిట్టాడు, ఎదురుగా కూర్చున్న పాపానికి నావైపు కూడా ఒకసారి గుర్రుగా చూశాడు. నవ్వు రావలసిన చోట నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు. ఈ బండి మలుపులో లోపలివైపు ఒరిగి ఉంటే ఆ టీ గ్లాసులోనే ఉండేది కదా అనిపించింది. రైళ్ళ గురించి నాకు తెలిసింది ఈ ఒక్క ముక్కే. అది కూడా రైలు మొహం ఎరగని నాగర్‌కర్నూల్లో మా చిన్నాయన ఇంట్లో తెలిసింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. ఆ ఊళ్ళో ఆయన ఇంటి ముందు గదిలో, రెండు బెంచీలు కలిపి పరిచిన చెక్క మీద, జానెడు జానెడు పెట్టెలతో ఒక రైలు తిరిగేది.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. సొంత వ్యాను ఉండేది, పెళ్ళిళ్ళకు కిరాయికి తోలేవాడు. అయిజ నుంచి తిమ్మాజిపేట దాకా తన వ్యాను ఎక్కకుండా అత్తారింటికి పోయిన పెళ్ళికూతురు లేదని గొప్పలు చెప్పుకునేవాడు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన నోరు ఇంజనుకంటే గట్టిగా నడిచేది. పెళ్ళివాళ్ళు భోజనాల సంగతి చెప్పకముందే ఏం వండారో వాసన పట్టి చెప్పేవాడు. అలాంటి మనిషి ఒక ఎండాకాలం సొంతవాళ్ళనే పెళ్ళికి తీసుకుపోతూ, తెలకపల్లి దిక్కు ఒక చెరువుకట్ట మలుపులో ఎదురుగా గొర్రెలమంద వస్తే బ్రేకు కొట్టి పక్కకు తిప్పాడు. వ్యాను చెరువు వైపు ఒరిగి, అలాగే పక్కమీద పడుకుంది. అందరికీ దెబ్బలు తగిలాయి. చిన్నమ్మ వాళ్ళమ్మ ఒక్కతే చనిపోయింది.

కేసేమీ నిలబడలేదు. ఆయన తాగలేదని, జోరుగా తోలలేదని అందరూ చెప్పారు. చిన్నాయనకు ఆ అందరితో పని లేదు. చిన్నమ్మ ఏమంటుందా అని ఎదురుచూశాడు. ఆమె ఏమీ అనలేదు. దినాలయ్యాయి, ఏడాది మాసికమయింది, వ్యాను అమ్మేశారు, రెండేళ్ళు దాటాయి, అయినా ఆమె ఆ రోజు గురించి నోరెత్తలేదు. నేను అప్పుడు వనపర్తిలో టీచరుగా చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా వాళ్ళింటికి పోయేదాన్ని. చిన్నమ్మ ఆయనకు వేడన్నం పెట్టేది, నెయ్యి వేసేది, నీళ్ళు వచ్చాయని చెప్పేది, కరెంటు పోయిందని చెప్పేది. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. నాతో మాత్రం బాగానే మాట్లాడేది. ఒకసారి ఆమె బావి దగ్గరికి పోయినప్పుడు చిన్నాయన నాతో మెల్లగా అన్నాడు.

"ఒక్కసారి తిట్టినా బాగుండు బిడ్డా. మా అమ్మను సంపినవ్ అని ఒక్కసారి అంటే, ఔనని కాళ్ళ మీద పడుత. ఏమనకపోతే నేనేం జెయ్యాలె?"

ఆయన పగలంతా బజారులో రేడియోలు బాగుచేసే భాయ్ దుకాణంలో కూర్చునేవాడు. పాత స్నేహం. ఆ భాయ్ బావమరిది దుబాయిలో ఒక ఇంట్లో పని చేసేవాడు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయి వదిలేసిన బొమ్మ రైలు ఒకటి, పట్టాలతో సహా, పెట్టెలో పెట్టి పంపాడు. భాయ్ దాన్ని అమ్ముకోవచ్చు. అమ్మకుండా తెచ్చి మా చిన్నాయన చేతుల్లో పెట్టాడు. "జర దీన్ని సూడు అన్నా, దుకాణంల నా మొఖం ఎంతసేపని సూస్తవ్" అన్నాడట. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఆ భాయ్ మీద ప్రేమ కలుగుతుంది.

తెల్లటి రైలు, నడుము పొడుగునా ఎర్రటి గీత, ముందు ముక్కు కోసుగా ఉండేది. బిగించే పనేమీ లేదు, పట్టాల మీద పెట్టి తీగలు తగిలిస్తే పరుగెత్తడమే. కానీ చిన్నాయనకు అది నచ్చలేదు. ఇంత శుభ్రంగా ఉన్న బండిని మా జిల్లాలో ఎవరు నమ్ముతారన్నాడు. ఎర్రమట్టిని పాత ధోవతి గుడ్డలో జల్లించి, పౌడరులో కలిపి, చక్రాల దగ్గర నుంచి కిటికీల కింద దాకా కుంచెతో అద్దాడు. పైకప్పులు ఊడదీస్తే లోపల వరసగా ఖాళీ సీట్లు కనబడ్డాయి. చిన్నమ్మ జాకెట్ల ముక్కలతో వాటికి గలీబులు కుట్టాడు, నిజంగానే సూదీ దారంతో. డ్రైవరు చేతులు అంత సన్నపని చేస్తాయని నేననుకోలేదు. చివరి పెట్టె వెనక గోళ్ళరంగుతో ఎర్ర దీపం పెట్టాడు. చిన్నమ్మ గోళ్ళరంగు సీసా సగమయింది. ఆమె చూసి, సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

మొదటిసారి నడిపిన రోజు నేనక్కడే ఉన్నాను. నేరుగా ఉన్నంతసేపు రైలు ముచ్చటగా పోయింది. వంపు దగ్గరికి రాగానే పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి లోపలివైపుకు ఒరిగాయి. చిన్నాయన కేక పెట్టి తీగ పీకేశాడు. ముఖమంతా చెమట.

"ఇరవై యేండ్లు బండి తోలిన బిడ్డా. మలుపు తిరిగితే బండి బయటికి ఒరుగుతది. గిది లోపలికి పడుతదేంది? బిగించినోడు ఉల్టా బిగించిండు."

ఇక ఆ రోజంతా దాన్ని బాగుచేశాడు. పెట్టె కింద, చక్రాల చట్రం కదిలే చోట, రెండువైపులా అగ్గిపుల్ల ముక్కలు గుచ్చి ఒరగకుండా బిగించాడు. ఇప్పుడు పెట్టెలు నిటారుగా నిలబడ్డాయి. మళ్ళీ వదిలాడు. చట్రాలు బిగుసుకుపోయి వంపులో తిరగలేదు. మొదటి పెట్టె పట్టా తప్పి బయటివైపుకు పడింది, మిగతావి దాని వెనకే పడ్డాయి. ఎర్రదుమ్ము బల్ల మీద రాలింది. ఆయన దాన్ని లేపలేదు. అలా చూస్తూ నిలబడి, "నా చేతుల వడ్డ బండి ఏదైనా గింతే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది, కానీ చిన్నమ్మ బయటికి రాలేదు.

ఆ తర్వాత చాలా రోజులు రైలు పెట్టెలోనే ఉంది. భాయ్ బావమరిది సెలవు మీద వచ్చినప్పుడు దాన్ని చూడటానికని ఇంటికొచ్చాడు. కింద గుచ్చిన అగ్గిపుల్లలు చూసి నవ్వబోయి, చిన్నాయన ముఖం చూసి ఆపుకున్నాడు.

"అన్నా, అది ఖరాబు గాలే. గట్ల ఒరగనీకే తయారు జేసిండ్రు. అసలు రైలు గూడ గంతే. మలుపు దిక్కు అదే ఒరుగుతది. లోపల కూసున్నోళ్ళను బయటికి ఇసిరినట్టు గాదు."

"గసుంటి బండ్లు ఉన్నయా దునియాల?"

"ఉన్నయన్నా."

చిన్నాయన మొదటి పెట్టెను తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, పిన్నుతో ఒక్కొక్క అగ్గిపుల్ల ముక్కా బయటికి లాగాడు. ఆ సాయంత్రం రైలు వంపు దగ్గర ఒరుగుతూ, మళ్ళీ నిటారవుతూ ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను. ప్రతి మలుపుకూ ఆయన కూడా కుర్చీలో కొంచెం లోపలికి ఒరిగేవాడు.

మరుసటి వారం నేను పోయేసరికి ప్రయాణికుల్ని తయారు చేస్తున్నాడు. బండి పగుళ్ళకు పూసే ముద్దతో వేలి గోరంత మనుషులు, చీరల దారాలతో చుట్టిన బట్టలు. ఒకతనికి తలపాగా, ఒకామెకు ఒళ్ళో మూట. నవ్వొచ్చేటట్టు ఒకాయనకు పెద్ద బొజ్జ కూడా పెట్టాడు. అది మా నాన్నేనని నాకు అనుమానం. పైకప్పు తీసి ఒక్కొక్కరినీ సీట్లలో అతికిస్తున్నాడు. నేను గడప దగ్గర చిక్కుడుకాయలు గిల్లుతున్నాను. చిన్నమ్మ చాట పట్టుకుని అటుగా పోతూ ఆగింది. వంగి పెట్టె లోపలికి చూసింది.

"కిటికీల కాడ ఒక్కల్ని గూడ కూసోబెట్టలేదేంది?" అంది.

ఆ రైలు గురించి ఆమె మాట్లాడటం అదే మొదలు. చిన్నాయన చేతిలోని బొమ్మ కింద పెట్టాడు.

"కిటికీ కాడ కూసోబెడితేనే గదా అత్తమ్మ పోయింది. నడుమల కూసున్నోళ్ళందరు బతికిండ్రు. చెయ్యి పట్టి ఆ సీట్ల కూసోబెట్టింది నేనే."

చిన్నమ్మ ఆయన వైపు తిరిగింది. నేను చిక్కుడుకాయలు గిల్లడం ఆపేశాను.

"నువ్వు కూసోబెడితివా? వ్యాను కాడ నీ పక్కకొచ్చి చెప్పింది ఎవరు? అమ్మకు కడుపుల తిప్పుతది, కిటికీ కాడ కూసోబెట్టు అని నేను గాదా? ఆ మాట ఎప్పుడంటవో, నువ్వు చెప్పబట్టే గదనే అని ఎప్పుడంటవో అని, ఇన్ని దినాలు నీ ముందల నోరు తెరవాల్నంటే భయమయ్యింది."

చిన్నాయన ఆమె వైపు వెర్రిగా చూశాడు.

"నువ్వు చెప్పినవా? నాకు యాదికే లేదే."

"యాదికి లేదా?" అని, చిన్నమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. చాటలోని బియ్యం గదంతా పడ్డాయి. పిచ్చిదానిలా "యాదికి లేదా" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు చెయ్యి గాల్లోనే ఉంచాడు. ఆమే ఆ చెయ్యి లాక్కుని ముఖానికి ఆనించుకుంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు, దినాల నాడు ఏడవలేనిదంతా ఏడ్చారు. నేను చిక్కుడుకాయలు అక్కడే వదిలి వాకిట్లోకి పోయాను.

ఆ తర్వాత ఇద్దరూ బస్సెక్కి ఆమె పుట్టింటికి పోయొచ్చారని విన్నాను. ఇంట్లో మళ్ళీ చిన్నాయన గొంతు వినబడింది. కూరలో ఉప్పెక్కువైందని ఆయన అంటే, వండుకుని తినమని ఆమె అనేది. ఆ పోట్లాట వినడానికే నేను పనిగట్టుకుని పోయేదాన్ని. కానీ అది ఎక్కువ రోజులు లేదు. వచ్చిన వానాకాలంలోనే చిన్నాయనకు ఛాతీ నొప్పి వచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. రైలును చిన్నమ్మ భాయ్ ఇంటికి పంపేసింది. ఆయన మనవలు ఆడి ఆడి విరగ్గొట్టారట. విరగ్గొట్టినా మంచిదే అనుకున్నాను.

చిన్నమ్మ ఇప్పుడు వనపర్తిలో మా ఇంటికి దగ్గరలోనే ఉంటోంది. రైల్లో టీ ఒలికిన సంగతి చెబితే కాసేపు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే, "ఆయన పోయినందుకు గాదే నా బాధ. ఉన్నప్పుడు మూడేండ్లు లేనట్టే బతికినం" అంది. మనిషి పోయిన తర్వాతి ఏళ్ళను ఎలాగో గడపవచ్చు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ ఎవరికి వారు ఒంటరిగా ఖర్చుచేసేసిన ఆ మూడేళ్ళే ఆమెకు ఇంకా గడవలేదు.