డ్యూటీ చార్టు

గోదావరిఖనిలో రిటైరైన గని కార్మికులకు మధ్యాహ్న భోజనం పెట్టే స్వచ్ఛంద సంస్థ మాది. నాలుగేళ్లుగా అక్కడ డ్యూటీ చార్టు రాసేది నేనే. మొన్న మీటింగ్‌లో నేను సమానత్వం గురించి మాట్లాడి కూర్చోగానే, గిన్నెలు కడిగే మరియమ్మ లేచింది.

"వంటకు మా కులపోళ్ల పేరు ఒక్కసారన్న రాసినవా అక్కా?"

ఒక్క పేరైనా దొరక్కపోతుందా అని అందరి ముందూ పాత చార్టులన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. అలా వాళ్లను వదిలేసి రాయమని నాకెవరూ చెప్పనూ లేదు.

"రేపు నువ్వే వండు" అన్నాను.

"వండుత. నువ్వు తింటవా?"

తింటానన్నాను. మర్నాడు తిన్నాను కూడా. కానీ ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగాను. నేను ఆగడం మరియమ్మ చూసింది.